మ్యాగజైన్ కూడా పిస్టల్‌లో భాగమే, వారంటీ దానికీ ఉండాలి

పిస్టల్ కంపెనీలు బ్రోషర్ల మీద "లైఫ్‌టైమ్ వారంటీ" అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. మ్యాగజైన్ (తూటాలు నింపి పిస్టల్‌లోకి ఎక్కించే గొట్టం) పగిలిందని ఫోన్ చేస్తే మాత్రం "అది అరిగిపోయే పార్టండీ, కొత్తది కొనుక్కోండి" అన్న జవాబు వస్తుంది. ఈ మధ్య నాకు వచ్చిన జవాబు అదే. కంపెనీ పేరు చెప్పను. పేరుతో పనిలేదు, ఆ మాటే తప్పు అని చెప్పడానికి రాస్తున్నాను.

ఇక్కడ టెక్సస్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్తే ఇప్పుడు తెలుగు మాటలు వినపడుతున్నాయి. ఇంటి రక్షణకని కొన్నవాళ్లున్నారు, ఐడీపీఏ పిస్టల్ షూటింగ్ పోటీలకి వచ్చేవాళ్లున్నారు. పిస్టల్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు గానీ మ్యాగజైన్ సంగతి ఎవరూ ఎత్తరు. జామ్ అయితే పిస్టల్‌ని తిట్టుకుంటారు.

నాది తొమ్మిది ఎంఎం పిస్టల్, స్టీల్ మ్యాగజైన్లు. ఆ మోడల్ తయారీ ఆపేశారు. నేను ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింట్ పెన్నుతో నంబరు వేసుకుంటాను. జామ్ అయినప్పుడల్లా చూస్తే అది 3వ నంబరే. మిగతావి అదే పిస్టల్‌లో, అదే పెట్టెలోని తూటాలతో ఏ గొడవా లేకుండా నడుస్తున్నాయి. దాన్ని ఖాళీ చేసి లైటు కింద పెట్టి తిప్పి చూశాను. పై అంచు వెనక మూలలో వెంట్రుకంత పగులు. కంటికి ఆనదు, గోటితో గీస్తే తగులుతుంది. ఎడమవైపు అంచు కుడివైపు దానికంటే కాస్త విచ్చుకుంది.

ఆ అంచుల్నే ఫీడ్ లిప్స్ అంటారు. మ్యాగజైన్ అంటే ఓ రేకు గొట్టం, లోపల స్ప్రింగ్, దాని మీద తూటాలు నిలిచే పలక (ఫాలోవర్), కింద అడుగు మూత (బేస్ ప్లేట్). అంతే అనిపిస్తుంది. కానీ పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి పోయి స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) వెనక్కి వెళ్లి ముందుకొచ్చేలోపు, స్ప్రింగ్ తర్వాతి రౌండ్‌ని, అంటే తూటాని, పైకి తోసి సిద్ధంగా ఉంచాలి. ఆ రౌండ్ ఎంత ఎత్తులో నిలవాలి, ముక్కు ఏ కోణంలో ఉండాలి, ఏ క్షణంలో వదలాలి, ఇవన్నీ చూసేవి ఆ రెండు అంచులే. వాటి మధ్య ఎడం కొంచెం పెరిగినా రౌండ్ ముందే ఎగిరి ముక్కు పైకెత్తుతుంది, లేదా రెండు రౌండ్లు ఒకేసారి వచ్చి ఇరుక్కుంటాయి. రేంజ్‌లో అయితే విసుగుతో పోతుంది. ఇంట్లోకి ఎవరో చొరబడిన రాత్రి అయితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ అంచులే బలహీనమైన చోటని వందేళ్ల క్రితమే తెలుసు. 1911లో అమెరికా సైన్యం జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన .45 పిస్టల్‌ని తీసుకుంది. దాని పాత మ్యాగజైన్లు చూస్తే పైన ఒక రంగు, కింద ఇంకో రంగు ఉంటాయి. పై భాగాన్ని వేరుగా గట్టిపరిచేవాళ్లు, అందుకే ఆ తేడా. మొదటి ఏళ్లలో చేసిన వాటికి అడుగున తాడు కట్టుకునే రింగు కూడా ఉండేది, గుర్రం మీద ఉన్న సైనికుడు పారేసుకోకుండా. పడేస్తే పోయే వస్తువుగా వాళ్లు దాన్ని చూడలేదు.

కంపెనీవాళ్ల రెండో మాట ఇంకా కోపం తెప్పించింది. "కింద పడేసి ఉంటారు" అన్నారు. అవును, పడుతుంది! ఖాళీ అయిన మ్యాగజైన్‌ని బటన్ నొక్కి వదిలేసి రెండోది ఎక్కించడం ఈ పిస్టళ్లన్నిటికీ నేర్పే పద్ధతి. ఇండోర్ రేంజ్‌లో కింద ఉండేది కాంక్రీటు. బటన్ నొక్కితే జారి పడేలా వాళ్లే తయారు చేసి, పడ్డందుకు వారంటీ చెల్లదంటే ఎలా?

"ప్లయర్స్‌తో కొంచెం నొక్కెయ్యి, సరిపోతుంది" అని సలహా ఇచ్చిన మిత్రులూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ఎడం ఎంత ఉండాలో కొలిచే గేజ్ తయారుచేసిన వాళ్ల దగ్గర ఉంటుంది, మన గ్యారేజ్‌లో ఉండదు. పగులున్న ఉక్కుని వంచితే పగులు ఇంకా పాకుతుంది. విచ్చుకున్న అంచుని వాళ్లు గేజ్ పెట్టి సరిచేయాలి, పగిలితే గొట్టం మార్చాలి. స్ప్రింగ్ సంగతి వేరు. అది మనం మార్చుకోగలిగినదే, పెన్సిల్వేనియాలో వుల్ఫ్ కంపెనీ విడిగా స్ప్రింగులు అమ్ముతుంది కూడా. గొట్టం అలా కాదు.

ఇది అంత పట్టించుకోవాల్సిన విషయమా అనేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో టోస్టర్‌లో లోపముంటే కన్జ్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ కంపెనీ చేత వెనక్కి తెప్పించగలదు. తుపాకులు, తూటాలు ఆ కమిషన్ పరిధిలో లేవు, 1976లో కాంగ్రెస్ వాటిని స్పష్టంగా తప్పించింది. అంటే లోపమున్న పిస్టల్‌ని వెనక్కి రప్పించాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టమే. అలాంటప్పుడు సర్వీస్ డెస్క్‌లో ఫోన్ ఎత్తే మనిషి చెప్పే జవాబుకి ఎంత బరువుందో ఆలోచించండి.

మన ప్రెషర్ కుక్కర్ చూడండి. గాస్కెట్ అరిగితే గాస్కెట్, వెయిట్ పోతే వెయిట్, డాలస్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్లినా దొరుకుతాయి. అన్నం వండుకునే గిన్నెకున్న ఆ మర్యాద ప్రాణం కాపాడుతుందని అమ్మే ఆయుధానికి లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, రాతపూర్వక వారంటీ ఇచ్చినవాళ్లు ఏది వర్తిస్తుందో ఏది వర్తించదో సూటిగా రాయాలి. నా కాగితంలో "మ్యాగజైన్" అన్న మాటే లేదు. "అరిగిపోయే పార్టులు" అని ఒక లైను ఉంది, అవేమిటో లేదు. పగులు అరుగుదల కాదని ఫొటోలు జతచేసి కంపెనీకి ఉత్తరం రాశాను. మరమ్మతు చేయండి, లేకపోతే గొట్టం అమ్మండి, రెండూ కుదరకపోతే ఎందుకు కుదరదో రాతలో ఇవ్వండి అని అడిగాను. మోడల్ ఆపేశామన్నది జవాబు కాదు, కొన్నవాళ్ల దగ్గర ఆ పిస్టళ్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

మీరూ రిపేరుకి పంపాలనుకుంటే మ్యాగజైన్ ఒక్కటే పంపండి. ఫెడరల్ చట్టం దృష్టిలో అది ఆయుధం కాదు, డీలర్ అవసరం లేదు. లోపల ఒక్క రౌండ్ కూడా లేకుండా రెండుసార్లు చూసుకోండి, పోస్టాఫీసు ద్వారా తూటాలు పంపడం నిషేధం. ఎప్పుడు, ఎలా జామ్ అవుతోందో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఉన్నవాళ్లు ఇంకో మాట ముందే అడగాలి. అక్కడ మ్యాగజైన్‌కి పది రౌండ్ల పరిమితి ఉంది. పెద్ద మ్యాగజైన్ పాతది మీ దగ్గర ఉండి, కంపెనీ దానికి బదులు కొత్తది పంపితే చిక్కు మీకే. లాయర్‌ని కనుక్కోకుండా పార్సిల్ కట్టకండి. హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లకి అసలు సంగతి వేరు: వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా మీ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటమే ఫెడరల్ నేరం. కాబట్టి ఫ్రెండ్ పిస్టల్‌ని రిపేరుకి మీరు మోసుకెళ్లకండి.

ఏ కంపెనీ అయినా మీ మ్యాగజైన్‌ని నిజంగా బాగుచేసి పంపి ఉంటే కింద రాయండి. పేరు రాయండి, ఎంత తీసుకున్నారో రాయండి. తర్వాతి పిస్టల్ నేను వాళ్ల దగ్గరే కొంటాను.