మిరపకాయల దొంగ అంటే అందరూ తుమ్మారు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు నేను పాతికేళ్లుగా గుమస్తాను. కొట్టు పేరు చెప్పను. చెబితే పరువు పోతుంది, అదీ నాది. ఈ పాతికేళ్లలో మా కొట్టు చూడని ఉపద్రవం లేదు. నల్ల తామర పురుగును చూసింది. కరోనాకు యార్డు మూతపడటం చూసింది. క్వింటాలు ఇరవై వేలు దాటిన ధర సగానికి పడిపోవడమూ చూసింది. వేటికీ మా షావుకారు గారు చలించలేదు. ఆ నష్టాలన్నీ రైతువి కాబట్టి చలించాల్సిన అవసరం రాలేదు. ఈ సీజన్లో మాత్రం ఆయనకు నిద్ర కరువైంది. కొట్లో దొంగలు పడ్డారు. బయటివాళ్లు కాదు, ఇంటిదొంగలు.

సంగతి ఎలా బయటపడిందంటే, షావుకారు గారు ఒకరోజు సాయంత్రం కాటాలయ్యాక నేల మీద రాలిన కాయలు చూసి, లక్ష్మీదేవి పడుందని కళ్లకద్దుకుని ఇంటికెళ్లారు. మర్నాడు వచ్చి చూస్తే లక్ష్మీదేవి లేదు.

"నేల ఊడ్చారు కదండీ" అన్నాను.

"ఊడ్చినవి ఎక్కడికి పోతున్నాయి?" అన్నారు.

పాతికేళ్లలో మాలో ఎవరికీ తట్టని ప్రశ్న ఇది. ఊరికే అయిపోతారా గొప్ప వ్యాపారులు!

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం. బస్తాలు మోసే ముఠా కూలీలు, కాటా వేసే కుర్రాడు, టీలు తెచ్చేవాడు, ఊడ్చే మామ్మ, నేను. షావుకారు గారు గద్దె మీద కూర్చుని అందరి మొహాలూ ఒకసారి కలయజూసి, "మిరపకాయల దొంగ ఎవరో నాకు తెలుసు" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని ఆయన చిన్నప్పుడు విన్నారు. ఇక్కడ భుజాలెవరూ తడుముకోలేదు గానీ అందరూ తుమ్మారు. మార్చి నెలలో మిర్చి యార్డులో తుమ్మనివాడంటూ ఉంటే ముందు వాడినే అనుమానించాలి. షావుకారు గారు కూడా రెండుసార్లు తుమ్మారు. అది మాత్రం రాయొద్దన్నారు. రాయలేదు.

నిబంధనావళి తయారుచేసే బాధ్యత నా మీద పడింది. ముందు నేరాల పట్టిక వేశాను. కొట్టు కరెంటుతో సొంత ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడం, ఒక టీ చెప్పి రెండు కప్పుల్లో పోయించడం, కొట్టు పెన్నుతో ఇంటి చీటీపాట లెక్క రాసుకోవడం. చివరిది నేనే. నిజాయితీగా నా పేరు కూడా చేర్చానని షావుకారు గారు మెచ్చుకుని, ఆ పెన్ను ఖరీదు జీతంలో కోశారు.

శాస్త్రప్రమాణం ఉంటే బరువుగా ఉంటుందని కౌటిల్యుణ్ణి పట్టుకున్నాను. రాజోద్యోగులు ఖజానా సొమ్ము కాజేసే పద్ధతులు నలభై అని అర్థశాస్త్రంలో లెక్క కట్టి పెట్టాడాయన. నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు నీళ్లు తాగిందో ఎలా తెలియదో, ఉద్యోగి ఎప్పుడు తిన్నాడో కూడా అలాగే తెలియదన్నాడు. షావుకారు గారికి చేప మాట బాగా నచ్చింది, ఆయన శాకాహారి అయినా. నలభై పద్ధతులూ గోడకు అంటించమన్నారు. అంటించబోతూ ఒకసారి చదివి వినిపించాను. తూకంలో తేడా చేయడం అనేది కూడా అందులో ఉంది. అక్కడ ఆపి, "ఇది మనకు వర్తించదు, తీసెయ్" అన్నారు. మా కొట్లో కౌటిల్యుడు ముప్పై తొమ్మిదే చెప్పాడు.

తర్వాత చట్టం. ఇది కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే ఇందులో ఉద్యోగులకు పనికొచ్చే మెళకువ ఒకటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 306వ సెక్షన్ ఉంది. గుమస్తా గానీ నౌకరు గానీ యజమాని స్వాధీనంలో ఉన్న సొత్తు దొంగిలిస్తే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. 1860 నాటి పాత శిక్షాస్మృతిలో ఇదే 381. నంబరు మారింది, గుమస్తా మీద అపనమ్మకం మారలేదు. ఇక మామూలు దొంగకు 303వ సెక్షన్. అక్కడ తొలిసారికి గరిష్ఠంగా మూడేళ్లే. పైగా సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, తొలిసారి దొరికినవాడై, తీసుకున్నది తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వంద రూపాయల కాయలు ఉద్యోగంలో ఉండి తీస్తే ఏడేళ్ల సెక్షన్, రోడ్డున పోయేవాడు తీస్తే చీపురు పట్టి పార్కు ఊడ్చే సెక్షన్. కాబట్టి ఎవరికైనా బుద్ధి పుడితే ముందు రాజీనామా పత్రం ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ తర్వాత చెయ్యి పెట్టండి. ఈ భాష్యానికి వకీళ్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్ల దగ్గరా గుమస్తాలుంటారు.

అదే ఊపులో 2009లో చేసిన తూనికలు కొలతల చట్టం కూడా తిరగేశాను. తక్కువ తూచిన వ్యాపారికి అది తొలి తప్పు కింద పెట్టింది పదివేల రూపాయల దాకా జరిమానా. జైలు మాట రెండోసారికి. చట్టానికి కూడా మనిషిని చూసి పీట వేసే మర్యాద తెలుసని ఎంతో ఆనందించాను. ఈ పేజీ గోడకు అంటించమని ఎవరూ అడగలేదు.

మన భాషకు మాత్రం ఆ మర్యాద చట్టం కన్నా ముందే వచ్చింది. కూలీ తీస్తే దొంగతనం. గుమస్తా తీస్తే చేతివాటం. పేపరు వాళ్లకు ఈ మాట మహా ఇష్టం, అదేదో చేతికి పుట్టుకతో వచ్చిన కళ అయినట్టు. ఆఫీసులో తీస్తే మామూలు. కొనేవాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు తీస్తే మచ్చు. షావుకారు తీస్తే తరుగు. తరుగు అన్న మాటలో తీసినవాడే కనపడడు, గమనించారా? కాయ తనంతట తానే తరిగింది. ఎండకో, గాలికో, సిగ్గుకో.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర ఉన్నవి మూడు కళ్లే కదా అని షావుకారు గారు పదహారు కెమెరాలు పెట్టించారు. గేటు మీద రెండు, టిక్కీల వరసల మీద ఆరు, కూలీలు అన్నం తినే చోట మూడు, బాత్రూము దారిలో ఒకటి, నా కుర్చీ వెనక రెండు, షావుకారు గారి గద్దె పైనున్న దేవుడి పటం మీద ఒకటి. పదహారోది ఎక్కడ పెట్టాలని బిగించే కుర్రాడు అడిగితే కాటా చూపించాను. షావుకారు గారు నా వైపు అదోలా చూసి, "అక్కడ రైతులుంటారు. వాళ్ల గౌరవం కూడా చూడాలి" అన్నారు. పదహారోది కూడా నా కుర్చీ వెనకే పెట్టారు.

కాటా గురించి రెండు ముక్కలు. మాది ఎలక్ట్రానిక్ కాటా. తూనికల శాఖ వాళ్లు ఏడాదికోసారి చూసి ముద్ర వేస్తారు. ఆ రోజు మా కాటా మాల వేసుకున్నంత నియమంగా ఉంటుంది. మిగతా రోజుల్లో రైతుకు శ్రమ లేకుండా సంచి బరువును తనే తీసేస్తుంది, టిక్కీకి రెండు కిలోలు. సంచి నిజంగా అంత బరువుంటుందా అంటే నాకు తెలియదు. ఖాళీ సంచిని తూచాలన్న దుర్బుద్ధి ఈ పాతికేళ్లలో నాకు పుట్టలేదు. కాటా ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం అంకెల మీద ఒక కండువా కప్పి ఉంటుంది. దుమ్ము పడకుండా. టిక్కీ ఎక్కాక తీస్తారు. ఒకసారి, మంచి సీజన్లో, రోజుకు ఐదు వందల టిక్కీల మీద ఈ సంచి బరువు ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేశాను. వెంటనే చెరిపేశాను. కొట్టు పెన్నుతో వేసిన లెక్క.

గేటు దగ్గర తనిఖీకి వాచ్‌మన్ వచ్చాడు, నెలకు పన్నెండు వేలు. మూడో రోజే విజయం. మామ్మ చేతిసంచిలో, క్యారేజీ కింద, పాత చీర ముక్కలో మూటగట్టిన కాయలు.

"రంగు పోయిన తాలు కాయలే బాబుగారూ. నేల మీద తొక్కుళ్లలో పడినయ్యి. కారానికని ఏరుకున్నా" అంది మామ్మ.

నాకు ఒక ధర్మసందేహం వచ్చింది. తూకానికి ముందు రాలిన కాయ రైతుది. తూకమయ్యాక రాలిన కాయ కొన్నవాడిది. మధ్యలో కమీషన్ తీసుకునే షావుకారు గారిది ఏ కాయ? పైకి అనలేదు. నాకూ ఇద్దరు పిల్లలు.

పోలీసు కాగితానికి విలువ కావాలి. తాలు ధర వేద్దామంటే షావుకారు గారు ఒప్పుకోలేదు. 2025 ఫిబ్రవరిలో ధర మరీ పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. రైతులు అది చాలదని గగ్గోలు పెట్టినప్పుడు, అదే ఎక్కువన్నారు మా షావుకారు గారు. ఇప్పుడు ఆ ధరే కట్టమన్నారు, ఎంతైనా ప్రభుత్వ ధర కదా. కిలో 117 రూపాయల 81 పైసలు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో తూయిస్తే మూట 900 గ్రాములు తేలింది. అంటే 106 రూపాయల 3 పైసలు.

"బయటి కాటా చెల్లదు. మన సరుకు, మన కాటా మీదే తూగాలి. అందరి ముందూ తూచండి" అన్నారు షావుకారు గారు. అప్పటికి రైతులు కూడా పది మంది పోగయ్యారు, నలుగురు తమ సరుకు తూకం, ధర రాసిచ్చిన తక్‌పట్టీలు చేతిలో పట్టుకుని మరీ.

కాటా వేసే కుర్రాడు నా వైపు చూశాడు. నేను దేవుడి పటం వైపు చూశాను. కుర్రాడు మూట కాటా మీద పెట్టి, అలవాటు కొద్దీ కండువా లాగేశాడు.

ఎర్రటి అంకెలు వెలిగాయి. మైనస్ 1.100.

ఎవరూ మాట్లాడలేదు. ఆశ్చర్యం, ఎవరూ తుమ్మలేదు కూడా. షావుకారు గారు కాటాను చేత్తో రెండుసార్లు కొట్టారు. అంకెలు కదల్లేదు. తక్‌పట్టీలున్న రైతులు వాటిని తెరిచి మొదటి నుంచి చదువుకోవడం మొదలుపెట్టారు. నేను నిబంధన ప్రకారం రిజిస్టరు తెరిచి, స్వాధీనం చేసుకున్న సరుకు అన్న గడిలో మైనస్ కిలో నూరు గ్రాములు అని రాసి, సంతకం కోసం షావుకారు గారి ముందు పెట్టాను.

మామ్మకు చదువు రాదు. పక్కనున్న ముఠా కూలీని అడిగి తెలుసుకుంది. కాసేపు ఆలోచించి, కొంగు సర్దుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"అయితే బాబుగారూ, నాకు రావాల్సిన ఆ కిలో నూరు గ్రాములు ఇప్పుడిస్తారా, రేపు రమ్మంటారా?"