పనిషర్ పుట్టింది 1986లో కాదండీ

మార్వెల్ కామిక్స్‌లో తుపాకీతో నేరగాళ్ళని వేటాడే పనిషర్ మీద మీ వ్యాసం బాగుంది గానీ, అతని కథ 1986 మినీ సిరీస్‌తోనే మొదలైనట్టు రాశారు, అది తప్పండీ. 1974లోనే అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ కామిక్ 129వ సంచికలో వచ్చాడు, అదీ హీరోగా కాదు, జాకాల్ అనే విలన్ మాటలు నమ్మి స్పైడర్‌మ్యాన్‌నే లేపేద్దామని. రైటర్ జెర్రీ కాన్వే ఛాతీ మీద ఓ పక్కన చిన్న పుర్రె గీసిస్తే ఆర్టిస్ట్ జాన్ రొమీటా దాన్ని ఛాతీ అంతా పరిచేసి పళ్ళని నడుం బెల్టు దాకా దించేశాడు, అసలు ఆ క్యారెక్టర్ సగం బతికింది ఆ బొమ్మ వల్లే అంటాన్నేను. తర్వాత పన్నెండేళ్ళు ఎక్కువగా వేరేవాళ్ళ కథల్లో గెస్ట్ వేషాలే. 1986దాంట్లో ఇంకో తమాషా, అట్ట మీద నాలుగు భాగాలని వేసి ఐదు తెచ్చారు! అది హిట్టయ్యాక ఇంక పట్టపగ్గాల్లేవు, 90ల్లో ఒకేసారి మూడు సిరీస్‌లు, 1995లో మూడూ మూత. ఆ తర్వాత పనిషర్ చచ్చి దేవదూతల తరఫున దయ్యాల వేట అట, మీరు దాన్ని వదిలేసి మంచి పనే చేశారు లెండి. 2000లో రైటర్ గార్త్ ఎన్నిస్, ఆర్టిస్ట్ స్టీవ్ డిల్లన్ వచ్చి మళ్ళీ మామూలు తుపాకీ చేతికిచ్చారు, కొత్తవాళ్ళు అక్కణ్ణుంచి మొదలెట్టండి.