కొలత కప్పు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొలత కప్పు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, డేట్ స్క్వేర్లు అనే ఖర్జూరం కేకు ముక్కలు తప్ప. కెనడాలోని కాల్గరీ నుంచి మా వదిన పంపిన కొలతలన్నీ మీ పేరు మీదే ఉన్నాయి కనుక ఫిర్యాదూ మీకే.

వంటకం చూస్తే అమాయకమైనది. మైదా, ఓట్స్, బ్రౌన్ షుగర్, చల్లని వెన్న కలిపి పొడిపొడిగా నలపాలి. సగం ట్రే అడుగున అదిమి, నీళ్లలో ఉడికించి ముద్ద చేసిన ఖర్జూరం పరిచి, మిగతా సగం పైన చల్లి ఓవెన్‌లో పెట్టాలి. పశ్చిమ కెనడాలో దీన్ని మ్యాట్రిమోనియల్ కేక్ అని కూడా అంటారు. పై పొరా అడుగు పొరా కలిసి ఉండడం ఎంత కష్టమో తెలిసినవాళ్లే ఆ పేరు పెట్టి ఉంటారు.

మైదాను చెంచాతో నింపి పైన సమం చేస్తే మీలో సుమారు 120 గ్రాములు పడుతుంది. మిమ్మల్నే డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. రెండుసార్లూ నిండుకుండలా గంభీరంగానే కనిపిస్తారు. ఆ 30 గ్రాములకు వెన్న చాలక, కోయగానే అడుగు పొర రాలిపోతుంది. బ్రౌన్ షుగర్‌ను నొక్కి నింపాలట, మైదాను నొక్కితే అపచారమట. ఖర్జూరాన్ని కోసి కొలవాలా, కొలిచి కోయాలా? దానికి సమాధానం చెప్పరు. వెన్న సంగతి మరీ ఘోరం. అమెరికాలో 113 గ్రాముల కడ్డీ అంటే అరకప్పు, కాగితం మీదే గీతలుంటాయి. మా ఊళ్లో దొరికే 100 గ్రాముల దిమ్మను ఫ్రిజ్‌లోంచి తీసి మీలో కుక్కే విద్య నాకెవరూ నేర్పలేదు.

పైగా మీరు అమెరికాలో దాదాపు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. ఇన్ని కొలతలున్నవారిని కొలత అని ఎలా నమ్మమంటారు?

1896లో బోస్టన్‌కు చెందిన ఫానీ ఫార్మర్ తన వంట పుస్తకంలో మిమ్మల్ని అంచుదాకా నింపి కత్తితో సమం చేయాలని పట్టుబట్టారు. ఉజ్జాయింపు లెక్కల కన్నా అది మెరుగే, కాదనను.

మీ నాయనమ్మ కూడా గిద్ద, సోల, తవ్వ, మానికలతోనే కొలిచేది కదా అంటారేమో. కొలిచేది, బియ్యం, కందిపప్పు. గింజ ఎలా పోసినా అంతగా కుంగదు. పిండి కలిపేటప్పుడు మాత్రం ఆమె సోలను పక్కన పెట్టి తన చేతినే నమ్మేది.

కనుక మా వంటింట్లోకి త్రాసు వచ్చింది. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయడం లేదు, బదిలీ మాత్రమే: ఖర్జూరం ఉడికించే నీళ్ల శాఖ. నీళ్లు నొక్కితే కుంగవు. తమరు ఏ దేశపు కప్పో మాత్రం చేరేముందు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
త్రాసు కొన్న ఇల్లాలు