యాభై రెండు నిమిషాల గారడీ

విమాన దూరాలు లెక్కించే వెబ్‌సైట్‌లో ఏవైనా రెండు చిన్న విమానాశ్రయాల పేర్లు కొట్టండి. ఉదాహరణకు, దూరం 300 కిలోమీటర్లు, ప్రయాణం 52 నిమిషాలు అని ఠక్కున చెప్పేస్తుంది. దూరంతో పేచీ లేదు. సమయమే వట్టి గారడీ. 300ని గంటకు 800 కి.మీ. వేగంతో భాగించి, పైన అరగంట కలిపేశారు. ఆ 800 జెట్ వేగం. చిన్న రన్‌వేల మధ్య తిరిగే ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72 వేగం 500కి అటూఇటూ.

స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య దూరం 2.7 కి.మీ. ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్డ్ సర్వీసు అదే, టైమ్‌టేబుల్‌లో రెండు నిమిషాలు. పై సూత్రం ప్రకారం అరగంట పైమాటే! అరగంట కలపకపోతే 12 సెకన్లు.

అంచనాను టైమ్‌టేబుల్ అనుకోవడం మీ తప్పే అంటారు కొందరు. 1,500 కి.మీ. ప్రయాణానికి ఆ మాట చెల్లుతుంది, పది నిమిషాల తేడాను ఎవరూ పట్టించుకోరు. చిన్న దూరాల్లో ఆ తేడాయే లెక్కంతా మింగేస్తుంది.

చిన్న విమానాశ్రయంలో సమయం తినేది నేలే. చాలాచోట్ల సమాంతర టాక్సీవే, అంటే రన్‌వే పక్కనే విమానం నడిచే దారి, ఉండదు. విమానం రన్‌వే మీదే చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, అప్పుడు టేకాఫ్ తీసుకోవాలి. 1,500 మీటర్లు గంటకు 30 కి.మీ. చొప్పున మూడు నిమిషాలు, మలుపుకి మరొకటి. ఈలోగా వచ్చిన విమానం పైన చక్కర్లు కొట్టాల్సిందే. నేరుగా దిగే ఏర్పాటు ఒకవైపే ఉండి గాలి వెనక నుంచి వీచిందా, చుట్టి వచ్చి రెండో కొస నుంచి దిగాలి. అందుకే ఎయిర్‌లైన్లు చక్రాలు కదిలింది మొదలు ఆగేదాకా ‘బ్లాక్ టైమ్’ లెక్కేస్తాయి.

ఇంటి నుంచి లెక్కిద్దాం. రెండువైపులా కలిపి రోడ్డుకి గంట, ముందుగా చేరడానికి గంటంబావు, సామానుకి 20 నిమిషాలు, నేల మీద నడిచే టాక్సీయింగుకీ, విమానం పైకెక్కి కిందికి దిగే నెమ్మదికీ అరగంట. ఆ 300 కి.మీ.కి గంటకు 500 చొప్పున గాల్లో పరుగు 36 నిమిషాలు. మొత్తం 221 నిమిషాలు. దూరాన్ని బట్టి మారేది ఆ 36 మాత్రమే, ఆరో వంతు! దూరం 600 అయినా పెరిగేది ఇంకో 36. అదే 300కి రోడ్డు వంకర్లతో 375 కి.మీ. అనుకుంటే, గంటకు 70 చొప్పున కారులో 5 గంటల 20 నిమిషాలు. దూరం 200కి దిగితే కారూ విమానమూ దాదాపు సమానం.

జెట్ వేస్తే సరి అంటారా? 35,000 అడుగుల నుంచి దిగడానికే 190 కి.మీ.కి పైగా కావాలి. 10,000 అడుగుల కింద చాలా దేశాల్లో 250 నాట్ల (గంటకు సుమారు 460 కి.మీ.) పరిమితి. ఇక పరిగెత్తేదెక్కడ?

అసలు సమయం సర్వీసుల సంఖ్యలో ఉంది, దాన్ని ఏ వెబ్‌సైటూ దూరం పక్కన చూపదు. విమానం మంగళ, గురు, శనివారాల్లోనే వచ్చి వెంటనే తిరిగిపోతే, గంట పనికి వెళ్లినవాడు కనీసం రెండు రాత్రులు అక్కడే పడుండాలి. టెర్మినల్‌కి రిబ్బన్ కత్తిరించేవాళ్లకి ఈ లెక్క పట్టదు. 72 సీట్ల విమానం వారానికి మూడుసార్లు ఎగిరితే 216 సీట్లు. 19 సీట్లది ఆదివారం తప్ప రోజూ పొద్దున, సాయంత్రం ఎగిరితే 228. చిన్న విమానంలో సీటుకయ్యే ఖర్చు ఎక్కువే. సబ్సిడీ ఇచ్చేదేదో ఆ తేడాకే ఇవ్వాలి.