ఊదితే గాలి వెళ్లలేదా? వాల్వు పోయిందని అప్పుడే అనకండి

పాత కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) బండ్లవాళ్ల మధ్య, ఎత్తైన చోట ఆ మిశ్రమాన్ని సరిచేసే హై ఆల్టిట్యూడ్ వాల్వు గురించి ఒక సలహా తెగ తిరుగుతోంది. "హై ఆల్టిట్యూడ్ వాల్వు పైపు ఊడదీసి నోటితో ఊదండి. గాలి వెళ్లకపోతే వాల్వు పోయినట్టే, పైపులు మూసేయండి. ఎలాగూ కొండ మీద గాలి పలచన కాబట్టి మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవుతుంది, ఇదింకా గాలి కలిపి చెడగొడుతుంది" అని.

చివరి మాట నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే అది పూర్తిగా తలకిందులు. ఎత్తుకు వెళ్తే మిక్స్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది. 3,000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. మామూలు కార్బురేటర్‌లో పెట్రోలు మాత్రం 14 శాతమే తగ్గుతుంది. అందుకే ప్లగ్గుల మీద మసి, వెనక నల్లపొగ, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్చుకుంటూ వెళ్లడం. ఆ తేడా సరిచేయడానికే వాల్వు కాస్త గాలి కలుపుతుంది.

ఇక ఊదడం. పరీక్ష మంచిదే, ఎక్కడ నిలబడి ఊదామన్నదే అసలు సంగతి. వాల్వు లోపల గాలి చొరబడకుండా మూసిన చిన్న బెలోస్ (ముడతల డబ్బీ) ఉంటుంది. బయటి ఒత్తిడి తగ్గితే అది ఉబ్బుతుంది. అప్పుడే ఇంజిన్ వాక్యూమ్ (పీల్పు) డయాఫ్రమ్‌ను, అంటే వంగే పలుచని పొరను, లాగి గాలి దారి తెరుస్తుంది. టొయోటా 22ఆర్ లాంటి ఇంజిన్లలో సుమారు 1,200 మీటర్లకు పైన దారి తెరిచి ఉండాలి, 780 మీటర్లకు కింద మూసి ఉండాలి. మైదానంలో ఊదితే గాలి వెళ్లలేదా, వెళ్లకూడదు కూడా! కాకపోతే దానితో తేలేది సగమే: తెరుచుకుని ఇరుక్కుపోలేదని. మూసుకుని బిగుసుకుందేమో అన్న అనుమానం కొండెక్కితేగానీ తీరదు. అక్కడ కూడా ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగానే ఊదాలి. ఆపేసి ఊదితే వాక్యూమ్ ఉండదు, మంచి వాల్వు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. అంతకంటే ముందు వాల్వు ఫిల్టర్ చూడండి. నేను విప్పినదాంట్లో మట్టి అట్టకట్టి ఉంది, వాల్వుకు ఏ రోగమూ లేదు.

పైపులు మూసేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. కింద కూడా వాల్వు తెరుచుకునే ఉండి ఇంజిన్ లీన్‌గా తడబడుతుంటే, కొత్తది దొరికేదాకా మూస్తే అర్థముంది. కానీ కొన్ని ఇంజిన్లలో ఎత్తులో టైమింగ్‌ను (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయాన్ని) ముందుకు జరిపేదీ ఇదే వాల్వు. మూస్తే అదీ పోతుంది. ఆ టైమింగ్ భాగాన్ని ఏ ఎత్తులోనైనా చూసుకోవచ్చు: డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మీది సబ్ డయాఫ్రమ్‌కు చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగండి. లోపలి ప్లేటు కదలాలి, మీటరు ముల్లు నిలబడాలి. ముల్లు జారిపోతుంటే చిరిగింది ఆ డయాఫ్రమ్, వాల్వు కాదు.