సైకిల్‌కు పాస్ అడిగేవాళ్లు ముందు గిఫ్ట్ డీడ్ చూపించాలి

అనంతపురం ఊరి బయట, 44వ నంబర్ హైవే అవతలి పక్కనున్న ఒక లేఅవుట్ గేటుకు ఈ పొద్దున కొత్త బోర్డు పడింది. బయటివాళ్ల సైకిళ్లు లోపలికి రాకూడదంట. రావాలంటే నెలకు 50 రూపాయలు కట్టి పాస్ తీసుకోవాలంట. లేదంటే వాచ్‌మన్ దగ్గరున్న రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాసి సంతకం పెట్టాలంట. పాల క్యాన్లు కట్టుకుని వచ్చే పెద్దాయనా రాయాల్సిందే, ఆకుకూరలమ్మే ఆమే రాయాల్సిందే. కార్లో వచ్చే చుట్టాలకు మాత్రం ఏ రిజిస్టరూ లేదు. హారన్ కొడితే గేటు తెరుచుకుంటుంది.

ఆ రోడ్డు మీ సొంతమని మీకెవరు చెప్పినారు?

ముందు రిజిస్టర్ సంగతి. దయచేసి దాంట్లో సంతకం పెట్టొద్దు. పాసూ తీసుకోవద్దు. యాభై రూపాయలకు గొడవెందుకు అనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం (ఇంకొకరి భూమి మీదుగా పోయే దారిలాంటి హక్కుల చట్టం) 15వ సెక్షన్ ప్రకారం, ఒక దారిని బాహాటంగా, గొడవ లేకుండా, హక్కుగా 20 ఏళ్లు ఎడతెగకుండా వాడితే అవతల చేను ఉన్న రైతుకు ఆ దారి హక్కవుతుంది. సర్కారు భూమి మీదైతే 30 ఏళ్లు. ఈ చట్టం మొదట అమలైన చోట్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, అంటే మన సీమ జిల్లాలు మొదటి రోజు నుంచీ దాని కిందే ఉన్నాయి. ఒకరి అనుమతితో నడిచిన ఏళ్లు మాత్రం ఆ లెక్కలోకి రావు. సంతకం పెట్టిన ప్రతిసారీ మీరు అడిగితే వాళ్లు పంపినారు అనే సాక్ష్యాన్ని మీ చేత్తోనే రాసిస్తున్నారు. రేపు కోర్టులో వాళ్లు తెరిచి చూపేది ఆ రిజిస్టరే.

ఇంకో గడువు కూడా ఉంది. అడ్డం ఎవరు పెట్టినారో తెలిసి, ఏడాది పాటు నోరు మూసుకుని ఊరుకుంటే అప్పుడే వాడకం తెగిపోయినట్టు లెక్క. కాబట్టి బోర్డు పడిన వారంలోనే అభ్యంతరం రాతలో పోవాలి. ఏ సర్వే నంబర్ పక్కన, ఎన్ని అడుగుల రోడ్డు, ఎప్పటి నుంచి ఎవరెవరు వాడుతున్నారు, ఏ తేదీన ఆపినారు, ఇంత రాస్తే చాలు. ఫోటో జత చేసి స్పీడ్ పోస్టులో ప్లాటు ఓనర్ల అసోసియేషన్‌కు ఒకటి, పంచాయతీ కార్యదర్శికి ఒకటి పంపి, రసీదు దాచుకోవాలి. నోటిమాటగా అరిచిన అరుపులకు ఏ కోర్టులోనూ తేదీ ఉండదు.

అయితే ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఈజ్‌మెంట్ భూమిని అంటిపెట్టుకుని ఉండే హక్కు. అవతల చేను లేని సైకిల్ మనిషి 15వ సెక్షన్ కింద అడగలేడు. ఆయనకున్నది ప్రజల దారి హక్కు. దానికి ఆ రోడ్డును ప్రజలకు వదిలేసిన రాతో, రెవెన్యూ రికార్డులో దారి అన్న నమోదో, ఏదో ఒక ఆధారం కావాలి. రెండూ కలిపి ఒకే పిటిషన్‌లో కుక్కేస్తే మొదటి వాయిదాకే అవతలి వకీలు దాన్ని పట్టుకుంటాడు.

లేఅవుట్లో ఆ రాత గిఫ్ట్ డీడ్. అనుమతి తీసుకున్న లేఅవుట్లో లోపలి రోడ్లనూ, మొత్తం స్థలంలో 10 శాతం ఖాళీ జాగానూ పంచాయతీకో మున్సిపాలిటీకో డబ్బు తీసుకోకుండా రిజిస్టర్ చేసి అప్పగించాలి. అప్పగించిన మరుక్షణం అది పంచాయతీ రోడ్డు. దాని మీద గేటు పెట్టే అధికారం ప్లాట్లు కొన్నవాళ్లకు లేదు, వాళ్ల అసోసియేషన్‌కు అంతకన్నా లేదు. రోడ్డుకు తారు వేసినాం, లైట్లు వేసినాం అంటారు. మంచిదే. మన వీధిలో మనం చందాలేసుకుని బల్బు పెట్టుకుంటే వీధి మన సొంతమవుతుందా?

డీడ్ ఉందో లేదో కనుక్కోవడం కష్టమేం కాదు. లేఅవుట్ బోర్డు మీద ఎల్.పి. నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్ ఉంటుంది. బోర్డు తీసేసి ఉంటే ఎవరిదైనా ఒక ప్లాటు సేల్ డీడ్ చూడండి, అందులో సర్వే నంబర్లుంటాయి. ఆ సర్వే నంబర్లకు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. పంచాయతీ పేరుతో గిఫ్ట్ ఎంట్రీ ఉంటే దాని నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. అప్రూవ్డ్ ప్లాన్ కోసం సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. "లేఅవుట్ వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏ వివరాలో స్పష్టంగా లేదని వెనక్కి కొడతారు. "ఫలానా ఎల్.పి. నంబర్ ప్లాన్ నకలు, రోడ్ల గిఫ్ట్ డీడ్ నంబర్, తేదీ" అని విడివిడిగా రాయండి.

అనుమతి లేని లేఅవుట్ అయితే గిఫ్ట్ డీడ్ ఉండదు. అప్పుడు సేల్ డీడ్‌లో చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు చదవండి. తూర్పుకు 30 అడుగుల రోడ్డు, ఉత్తరానికి 40 అడుగుల రోడ్డు అని రాసి అమ్ముకున్నవాడు, అది నా సొంత జాగా అని తర్వాత ప్లాటు ఓనర్ల ముందు మాట మార్చలేడు. బయటి జనం హక్కు అక్కడ ఇంకా బలహీనమే, ఒప్పుకోవాల్సిందే. అక్కడ పాత బాట ఉండిందా లేదా అన్నదే తేలాలి.

ట్రెస్‌పాస్ కేసు పెడతాం అని బెదిరిస్తారు. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్‌లో నేరం చేసే ఉద్దేశమో, బెదిరించే, అవమానించే, విసిగించే ఉద్దేశమో ఉంటేనే ట్రెస్‌పాస్. తొక్కుకుంటూ దాటిపోవడం అందులోకి రాదు. లోపల నిలబడి తిట్టుకుంటే మాత్రం కేసు వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టు. మాట్లాడేదేదైనా గేటు బయటే మాట్లాడండి. నిజానికి నేరం అటువైపు ఉంది. పోయే హక్కున్న మనిషిని అడ్డుకోవడం 126వ సెక్షన్ కింద నేరం, నెల వరకు సాదా జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా. ప్రైవేటు దారిని ఆపే హక్కు తనకుందని నిజాయితీగా నమ్మి ఆపినవాడికి మినహాయింపు ఉంది. అందుకే గిఫ్ట్ డీడ్ నకలు అసోసియేషన్ సెక్రటరీ చేతిలో పెట్టి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. ఆ కాగితం చూసినాక ఇక నమ్మినామని చెప్పుకోవడానికి కుదరదు. వాచ్‌మన్ మీద అరవొద్దు. ఆయనది జీతం, ఆ బోర్డు రాయించింది ఆయన కాదు.

దొంగతనాలు, స్పీడు బైకులు అంటారు కదా, దానికి జవాబు ఉంది. గేటు పక్కన 1.2 మీటర్ల సందు వదలండి. కారు దూరదు. మామూలు సైకిల్ హ్యాండిల్ 55 నుంచి 60 సెంటీమీటర్లు, రెండు పక్కలా పాల క్యాన్లు కడితే మీటరుకు దగ్గరవుతుంది. అన్నీ పడతాయి, చక్రాల కుర్చీ కూడా పడుతుంది. బైకులు దూరకుండా ఉండవు, కానీ వేగం తగ్గించొచ్చు. ఒకదాని వెనుక ఒకటి రెండు అడ్డాలు, ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి పెట్టాలి. మధ్య దూరం 2.5 మీటర్లకు తగ్గకూడదు. సైకిల్ పొడవే దాదాపు 1.9 మీటర్లు, అంతకన్నా ఇరుకైతే తిరగదు, దిగి ఎత్తి పెట్టుకోవాలి.

గొలుసు మాత్రం కట్టొద్దు. పొద్దుగూకినాక సన్న గొలుసు కనబడదు. సైకిల్ దీపం వెలుగు నేల మీద పడుతుంది, ఛాతీ ఎత్తులో వేలాడే ఇనుము మీద పడదు. తెలిసేటప్పటికి మనిషి వెల్లకిలా పడి ఉంటాడు. కట్టి తీరాల్సిన చోట ఎరుపు తెలుపు రిఫ్లెక్టర్ టేపు చుట్టండి, మధ్యలో రేకు పలక వేలాడదీయండి.

ఇక ఆ స్పీడ్ బ్రేకర్లు! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. లేఅవుట్లలో మేస్త్రీ చేత అడుగున్నర వెడల్పులో అర అడుగు ఎత్తు సిమెంటు గెనెం (గట్టు) కట్టిస్తున్నారు. కారుకు షాక్ అబ్జార్బర్ ఉంది. సైకిల్‌కు గాలి తప్ప ఏమీ లేదు. గాలి కొంచెం తక్కువున్నా ట్యూబు రిమ్‌కూ సిమెంటుకూ మధ్య నలిగి పక్కపక్కన రెండు బొక్కలు పడతాయి. వెనక బరువుంటే రిమ్మే వంగుతుంది, ఊచలు తెగుతాయి. పాలాయన నష్టం ఎవరు కడతారు?

గేటు మూసేస్తే సైకిల్ పోయే దారేది? హైవే. సర్వీస్ రోడ్డు కల్వర్టు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, అండర్‌పాస్ ఎక్కడో అవతల. కాబట్టి ఎదురుగా వచ్చే లారీల వైపే, అంచున, రాంగ్ రూట్లో తొక్కుతారు. బ్యాగు వీపున వేసుకున్న ఎనిమిదో తరగతి పిల్లలు అలా తొక్కుతున్నారు. కాలనీ పిల్లల భద్రత కోసం గేటు పెట్టినామనేవాళ్లు ఈ పిల్లల ముఖం చూసి ఆ మాట చెప్పండి.

ఈ లేఅవుట్లకన్నా ముందు నుంచి కడుపు మండిస్తున్నవి మన బండ్ల బాటలు. ఊరి నుంచి చేలకు, చేల నుంచి పక్కూరికి పోయే రస్తాలు. అవి మాయమయ్యే పద్ధతి కర్నూలులోనైనా కడపలోనైనా ఒకటే. మొదట కంప వేస్తారు. తొలకరికి ఒక సాలు కలిపి దున్నుతారు. మరుసటేడు గెనెం జరుగుతుంది. ఆ పైన డ్రిప్ పైపు, చీనీ మొక్కలు, చివర్న రాతి కూసాలు, ముళ్ల తీగ. నాలుగేళ్లకు అక్కడ బాట ఉండిందని చెప్పేవాళ్లు ముసలివాళ్లు మాత్రమే. సోలార్ ప్లాంటు కంచె పడిన చోట ఆ నాలుగేళ్లు కూడా పట్టదు.

పాత ఎఫ్‌ఎమ్‌బిలో (సర్వే శాఖ భూమి కొలతల పుస్తకంలో) మాత్రం ఆ బాట గీసి ఉంటుంది. కొలతలు లింకుల్లో ఉంటాయి. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, కాబట్టి 20 లింకుల దారి అంటే 13 అడుగుల పైచిలుకు. సర్వే రాయి నుంచి టేపు పట్టి కొలిస్తే ఎవరి మొక్కలు ఎక్కడున్నాయో సాయంత్రానికి తేలిపోతుంది. అది రస్తా పోరంబోకు (దారి కోసం వదిలిన సర్కారు జాగా) అయితే 1905 ల్యాండ్ ఎన్‌క్రోచ్‌మెంట్ చట్టం 2వ సెక్షన్ ప్రకారం ప్రజల రోడ్లు, వీధులు, సందులు, బాటలు సర్కారు ఆస్తి. తహశీల్దారు 7వ సెక్షన్ కింద నోటీసిచ్చి, 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించొచ్చు. నూట ఇరవై ఏళ్ల నాటి అధికారం అది, కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. బాట పట్టా భూమిలో గీసి ఉంటే కథ వేరు, అక్కడ 20 ఏళ్ల వాడకం రుజువు చేసుకోవాలి.

2020 చివర్లో మొదలైన రీసర్వేతో ఈ భయం రెట్టింపైంది. సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చినాయి. డ్రోన్‌కు కనబడేది ఈ రోజు నేల మీద ఉన్నదే. దున్నేసిన బాట దాని కంటికి చేనే. కాబట్టి పాత ఎఫ్‌ఎమ్‌బి, విలేజ్ మ్యాప్ నకళ్లు ఇప్పుడే తీసుకుని కొత్త మ్యాప్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లండ్‌లో 1968 నుంచి గుర్రపు బాటల మీద సైకిల్ తొక్కే హక్కు చట్టంలోనే రాసుకున్నారు, ఏ బాట ఎవరిదో మ్యాపులో గీసి పెట్టుకున్నారు. మనకు గీసి పెట్టినవి ఉన్నాయి, కాపాడేవాళ్లు లేరు.

కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కట్టలాంటివి వేరే లెక్క. అది నీటిపారుదల శాఖ జాగా. కట్ట దెబ్బతింటుందని ట్రాక్టర్లను ఆపితే న్యాయం ఉంది. మనిషితో కలిపి వంద కిలోలు లేని సైకిల్‌ను ఆపడానికి ఏ న్యాయమూ లేదు.

రైతు సొంత చేలో సొంత ఖర్చుతో వేసుకున్న బాట మాత్రం నిజంగా ప్రైవేటే. అక్కడ దిగి అడగాలి. ఆయన వద్దంటే వెనక్కి తిరగాలి. సరే పొమ్మంటే 16 మిల్లీమీటర్ల డ్రిప్ లాటరల్స్ (సన్న పైపులు) మీద చక్రం ఎక్కించకుండా సైకిల్ ఎత్తి దాటించాలి, తడక తీసింది తీసినట్టే మళ్లీ మూయాలి, వానపడిన నల్లరేగడిలో రెండు రోజులు దిగకూడదు. ఇవి పాటించని గుంపుల వల్లే ఆదివారం పూట సైకిళ్లు కనబడితే రైతులు మొహం తిప్పుకుంటున్నారు.

తహశీల్దారు ఆఫీసులో "సివిల్ కోర్టుకు పోండి" అంటే కదలొద్దు. ప్రజల దారికి అడ్డం తీయించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది. అవతలివాడు ఇది ప్రజల దారే కాదంటే 156 కింద విచారించాలి. వాడి మాటకు నమ్మదగ్గ సాక్ష్యం కనబడితే సివిల్ కోర్టు తేల్చేదాకా అక్కడే ఆగిపోతుంది, అందుకే మన కాగితం ముందే బలంగా ఉండాలి. చేను దారి తగాదాకు 166వ సెక్షన్. ఏడాదంతా వాడే దారైతే ఫిర్యాదు అందడానికి ముందు 3 నెలల్లోపు దాన్ని వాడి ఉండాలి, లేకపోతే ఆ సెక్షన్ కింద అడ్డం తీయమనే ఉత్తర్వు రాదు. కంప వేసేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. విత్తనం పడే రోజుల్లో వేసి, కాయ పీకినాక కూర్చుని మాట్లాడుకుందాంలే అన్నా అంటారు. వేరుశనగ పంటకాలం మూడున్నర నెలలకు పైనే.