పైన తారు, కింద గోదారి

పొద్దున పదింటికి ప్యాచ్ వేశారు. మధ్యాహ్నం ఓ జల్లు పడింది. సాయంత్రానికి ఆ ప్యాచ్‌లో చిప్స్ అన్నీ రోడ్డు పొడుగునా పరుచుకుని బైకులు జారుతున్నాయి. కోనసీమలో కాలవ గట్టు మీద వేసిన ఒక రోడ్డు సంగతండీ ఇది. ఏ ఊరిదో చెప్పను. చదివే ప్రతివాళ్ళూ మా ఊరిదే అనుకుంటారు, ఆయ్, తప్పేం లేదు, మీ ఊరిదే అనుకోండి.

గోతిలో నీళ్లు తోడలేదు, చీపురు కూడా పెట్టలేదు. నీళ్ల మీదే కంకర కుమ్మరించి, డబ్బాతో తారు చిలకరించి, ట్రాక్టరు టైరుతో రెండుసార్లు తొక్కించి పోయారు. ఫొటో తీసుకోవడం మాత్రం మర్చిపోలేదు. ఆ ఫొటోతోనే కదా బిల్లయ్యేది!

గొయ్యి పూడ్చడం బ్రహ్మవిద్యేం కాదు. ఎటు పోయినా గట్టి రోడ్డు తగిలేదాకా నలుపలకలుగా కొయ్యాలి, అంచులు నిట్టనిలువుగా ఉండాలి. అంచు ఏటవాలుగా వదిలేస్తే అక్కడ తారు పొర పల్చబడి, మొదటి టైరుకే లేచిపోతుంది. లోపల బురదంతా తీసి, ఆరనిచ్చి, అడుగుకీ నాలుగు గోడలకీ ట్యాక్ కోట్ ఎమల్షన్, అంటే కొత్త పొర పాతదానికి అతుక్కోడానికి వేసే పల్చటి తారు, పూయాలి. లోతు ఎక్కువుంటే ఒకేసారి కుమ్మకుండా పొరలుగా వేసి, ఒక్కో పొరనీ దిమ్మిస కొట్టాలి. ఆఖరి పొర రోడ్డు మట్టం కంటే ఒక పిసరు ఎత్తుండాలి, బళ్ళు తొక్కితే అణుగుతుంది కాబట్టి. వానాకాలంలో వేడి తారు పట్టదంటే వేడి చెయ్యకుండానే వేసే కోల్డ్ మిక్స్ బస్తాలున్నాయి. అవి కొనాలంటే మాత్రం ఎస్టిమేట్‌లో ఐటెం లేదంటారు. ప్రతి జూన్‌కీ వాన వస్తుందన్న సంగతి ఎస్టిమేట్ రాసేవాళ్ళకి ఎవరైనా చెప్పండయ్యా.

సరే, ప్యాచ్ సంగతి వదిలేద్దాం. అసలు గొయ్యి ఎందుకు పడింది? తారు తక్కువ పోశారని రచ్చబండ దగ్గర తేల్చేస్తారు. తారు పాపం కొంతే. ఇక్కడ రోడ్డుని చంపేది నీళ్లు, అదీ కింద నుంచి.

మన నేల ఒండ్రు బంకమట్టి. నాలుగు రోజులు నానబెట్టి సీబీఆర్, అంటే నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే పరీక్ష, చూస్తే 2, 3 శాతం దాటని చోట్లు బోలెడు. అందుకే సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింద దిమ్మిస కొట్టిన మట్టి) అడుగు వరద మట్టానికి, భూగర్భ నీటి మట్టానికి కనీసం 0.6 మీటర్లు పైన ఉండాలంటారు. డెల్టాలో చారెడు తవ్వితే నీళ్లు! కాబట్టి రోడ్డుని ముందు మట్టితో లేపాలి, తర్వాతే గ్రావెల్. లేపాలంటే మట్టి కావాలి, మట్టికి డబ్బు కావాలి, డబ్బేమో పైన నల్లగా కనపడే 20 మిల్లీమీటర్లకి కేటాయించేశారు.

గ్రావెల్ పొర దగ్గర ఇంకో ఘోరం ఉంది. ఆ పొర పనల్లా బరువు మోయడమే అనుకుంటారు. నీటిని పక్కకి వదిలెయ్యడం కూడా దాని పనే. అందుకని తారు వెడల్పు దగ్గర ఆగకుండా మార్జిన్ల (రోడ్డుకి అటూ ఇటూ ఉండే మట్టి అంచుల) కింద నుంచి ఏటవాలు అంచు దాకా పరవాలి. మనవాళ్ళు తారు వెడల్పు 3.75 మీటర్ల దగ్గరే కత్తిరించేసి, పక్కన కాలవలోంచి తీసిన బంకమట్టితో మార్జిన్లు కట్టేస్తారు. అంటే అటో గోడ, ఇటో గోడ, మధ్యలో కంకర: సిమెంటు తొట్టి కట్టినట్టే. పైనుంచి సందుల్లో దిగిన నీళ్లు, కింద నుంచి ఎగదన్నిన నీళ్లు అందులోనే నిలిచిపోతాయి. పైన లారీ వెళ్ళినప్పుడల్లా ఆ నీళ్లు పగుళ్లలోంచి తెల్లటి బురదగా చిమ్ముతాయి. చూడని వాళ్ళెవరు? అలా చిమ్మిందంటే లోపల పొర కొట్టుకుపోతోందని. ఇంక పైన ఎన్ని కోట్ల రూపాయలు పోసినా అంతే.

పైనున్న తారు పొర ఓజీపీసీ (ఓపెన్ గ్రేడెడ్ ప్రీమిక్స్ కార్పెట్) చూడబోతే జల్లెడ లాంటి మిక్స్, పేరులోనే ఓపెన్ అని ఉంది. దాని మీద సందులు మూసే సీల్ కోట్ పడకపోతే వాననీరు నేరుగా కిందికి. మిక్స్ వేశాక సీల్ కోట్‌కి "మళ్ళీ వస్తాం" అంటారు చూడండి, ఆ మళ్ళీ ఎప్పుడూ రాదు.

వాలు సంగతి కూడా చెప్పేస్తాను. 3.75 మీటర్ల తారు రోడ్డుకి 2.5 శాతం క్యాంబర్ (నడిమి నుంచి అంచులకి వాలు) అంటే నడిమి నుంచి అంచుకి సుమారు 4.7 సెంటీమీటర్ల దిగుడు. ఒక దారం, ఒక స్కేలు చాలు, ఎవరైనా కొలవొచ్చు. మార్జిన్ ఇంకా ఏటవాలుగా ఉండాలి. ఇక్కడ మార్జిన్లలో గడ్డి పెరిగి, మట్టి పేరుకుని, రోడ్డే పల్లమైపోయింది. ఆ గడ్డిమట్టి ఏడాదికి ఒక్కసారి పారతో చెక్కేస్తే రోడ్డు ఆయుష్షు పెరుగుతుంది. కొబ్బరికాయ కొట్టి ప్రారంభించేంత పెద్ద పని కాదు కాబట్టి ఎవరూ చెయ్యరు.

గట్టు రోడ్లదింకో కథ. వేసవిలో కాలవ కట్టేస్తారు. మట్టం చప్పున దిగిపోయేసరికి నానిన గట్టుకి ఎదుటి నుంచి ఆనుకునే నీళ్లు లేక జారుతుంది, ఎండి నెర్రెలిస్తుంది. ముందు రోడ్డు పొడుగునా ఒక పగులు, తర్వాత సగం రోడ్డు కాలవలోకి. రివిట్‌మెంటు (గట్టుకి రాతి తాపడం) గానీ రిటైనింగ్ వాల్ గానీ లేనిదే ఆగదు. అడిగితే గట్టు ఇరిగేషన్‌ది, పైన రోడ్డు పంచాయతీరాజ్‌ది లేదా ఆర్ అండ్ బీది, పక్కన తవ్విన పైపులైను నీళ్లవాళ్ళది. జారిన రోడ్డు మాత్రం జనానిది.

ఇటు కాలవైతే అటు రొయ్యల చెరువు. మార్జిన్‌కి జానెడు కూడా వదలకుండా తవ్వేసి ఏడాదంతా నీళ్లు పెడతారు. ఆ ఊటంతా సబ్‌గ్రేడ్‌లోకే. రాత్రుళ్ళు మేత లారీలు, ఐసు బళ్ళు, పట్టుబడి రోజున వరసగా వ్యాన్లు. చెరువు యజమాని పోస్టు పెడతాడు, "ఈ రోడ్లకి దిక్కెవరు" అని! నువ్వేనయ్యా.

ఇసుక టిప్పర్ల గురించి మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టదు. 2018లో కేంద్రమే నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచింది. పల్లె రోడ్లు మాత్రం పెరగలేదు. పైగా ఆ 11.5 దగ్గర ఆగేదెవరు? ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు, ఇది ఇంజనీరింగ్ మొదటి పాఠాల్లోదే. రెండేసి పక్కబల్లలు ఎత్తుకట్టిన టిప్పరు ఒక రాత్రిలో చేసే పని, కొబ్బరి ఆటోలు ఏళ్ళ తరబడి తిరిగినా చెయ్యలేవు. రాష్ట్రంలో ఫ్రీ ఇసుక పథకం 2024 జులైలో మొదలైంది. ఇసుక ఫ్రీ, దాన్ని మోసిన రోడ్డుకి ఖరీదు ఎవరు కట్టాలి? సమాధానం లేదు.

డబ్బుల్లేవంటారు. ఉన్న డబ్బులు ఏ లెక్కన వస్తున్నాయో చూడండి. కేంద్రం పల్లె రోడ్ల పథకం, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, నాలుగో దశలో మైదాన ప్రాంతాల్లో 500 జనాభా దాటిన ఆవాసం ఉండాలట, అదీ 2011 జనాభా లెక్కల ప్రకారం. ఏదో గోదారి లంక ఊళ్ళో అప్పుడు 480 మంది ఉన్నారనుకోండి, ఇప్పుడు 900 ఉన్నా కాగితం మీద 480యే. ఆ పథకంలో 2015 తర్వాత మన రాష్ట్రంలో ఖర్చు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. ఆ 40 పడకపోతే కాంట్రాక్టరు గ్రావెల్ పరిచి పరారు, వాన ఆ గ్రావెల్‌ని ఏరుకుపోతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టేశారు, రోడ్డుకి ముట్టుకోకూడదన్నారు. మిగిలిన 40లో కరెంటు బిల్లు పోగా సర్పంచి చేతికొచ్చింది రెండు ట్రాక్టర్ల రబ్బీషుకి సరి. ఉపాధి హామీ సామగ్రి వాటాతో వీధుల్లో సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్లు వేశారు, సంతోషమే. పాతది తియ్యకుండా దాని మీదే ఇంకో 15 సెంటీమీటర్లు పోస్తే వీధి నీళ్లన్నీ అరుగు దాటి ఇంట్లోకి. సైడ్ డ్రెయిన్ మరో పథకంలో వస్తుందంటారు.

లీటరు పెట్రోలు మీద, డీజిల్ మీద రాష్ట్రం 1 రూపాయి రోడ్డు సెస్సు 2020 సెప్టెంబరులో పెట్టింది కదా. కట్టేది కోనసీమలో కూడా కడుతున్నాం. డెల్టాలో రాయి పుట్టదు, కంకర పిడికెడైనా మెట్ట నుంచి రావాలి. వేడి మిక్స్ పంటచేల మధ్య ఇరుకు దారుల్లో ఇరుక్కుని చల్లారిపోతే, రోలరు ఎన్నిసార్లు తిరిగినా గింజకి గింజ పట్టదు. అదే పనికి ఇక్కడ ఖర్చెక్కువ. ఆ సెస్సు పంచేటప్పుడు ఇది గుర్తొస్తుందా?

గ్యాసు మాట ఎత్తితే కడుపు మండిపోతుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే అదుపు తప్పి ఎగదన్నిన గ్యాసు బావి, రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే మన కోనసీమ ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి ఇళ్ళకి ఇళ్ళే తగలబడ్డాయి. బొగ్గో ఇనుమో తవ్వే జిల్లాలకి ఖనిజ నిధి అని ఒకటుంది, రోడ్లకి కొంత వాడుకోవచ్చు. ఆ నిధి పెట్టిన గనుల చట్టం కిందికి చమురు, గ్యాసు రావు. భూమ్మీద బావి రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోది కేంద్రానికి. రిగ్గుల సామాన్లు మోసిన రోడ్లకి బదులు సీఎస్సార్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) పేరుతో బస్‌షెల్టరు, దాని మీద కంపెనీ బోర్డు.

రోడ్లనే కాదు లెండి, ఈ గడ్డ మీదికి రావాలంటే ఏరు దాటడమే ఒక పరీక్ష. గోదారి పాయ గౌతమి మీద ఎదుర్లంక–యానాం వంతెన 2002లో గానీ రాలేదు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది, గట్టిగా 57 కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి. అప్పుడు పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళవుతున్నాయి. సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా నరసాపురం కనపడుతుంది, పలకరిస్తే వినపడేంత దూరం. ఇవాళ్టికీ పంటు (బల్లకట్టు) మీదే బళ్ళు ఎక్కించాలి, వరదొస్తే పంటు బంద్, చించినాడ వంతెన తిరిగి వెళ్ళాలి. ఎన్నికలు దగ్గరపడ్డాయని తెలియడానికి క్యాలెండరు అక్కర్లేదు, రేవులో ఎవరో ఒకరు వంతెన మాట ఎత్తుతారు.

ఇంకా మండేది కనకాయలంక. ఊరు పశ్చిమ గోదావరి జిల్లాది, బయటికొచ్చే దారి చాకలిపాలెం కాజ్‌వే, అది కోనసీమది. వరదొచ్చిన ప్రతిసారీ కాజ్‌వే మునుగుతుంది, జనం పడవ ఎక్కుతారు, కెమెరాలొస్తాయి, నీళ్లు తీస్తాయి, కెమెరాలు పోతాయి. ఏ కాజ్‌వే అయినా తూముల్లో గుర్రపుడెక్క ఇరుక్కుంటే నీళ్లు పైనుంచి పొర్లి, దిగువ వైపు మట్టిని కోసేస్తాయి. స్లాబు చివర గుల్లవుతుంది, చూడ్డానికి బానే ఉంటుంది. వరద తీయగానే దిగువ అంచు కింద కర్ర గుచ్చి చూడాలి, గుల్లయిన చోట రాయి పేర్చి కాంక్రీటు పొయ్యాలి. ఆ కర్ర పట్టుకునేది ఏ జిల్లా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అన్నది తేలేలోపు తర్వాతి వరద వచ్చేస్తుంది.

కింద కామెంట్లలో ఏ పార్టీ హయాం అని కొట్టుకునేవాళ్ళు కాస్త ఆగి, మీ ఊరి రోడ్డు ఎస్టిమేట్ కాపీ ఆర్టీఐలో అడగండి. గ్రావెల్ పొర వెడల్పు ఎంత రాశారు, సీల్ కోట్ ఐటెం ఉందా, కాంట్రాక్టరు మెయింటెనెన్స్ గడువు (సడక్ యోజన రోడ్డుకైతే ఐదేళ్ళు) ఏ తేదీకి ముగుస్తుంది. ఈ మూడూ చూడండి. ఆ గడువు నిండకపోతే ఈ పొద్దున నీళ్లలో కుమ్మరించిన కంకర కూడా ఆ ఒప్పందం కిందే ఆ కాంట్రాక్టరు వెయ్యాల్సింది, దానికి విడిగా మళ్ళీ మన డబ్బుతో బిల్లు ఎలా పెట్టారో అడగాలి.